కోలారు బంగారు గనులు: మరల విత్తలేని పంట

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో రైతు పత్తి వేసినా, మిరప వేసినా, పంట తీసిన తరువాత నేల మిగులుతుంది. ఎరువు తోలి, వానకు ఎదురుచూచి, మరుసటి ఏడు మరల విత్తుతాడు. గనిలోని పంట అటువంటిది కాదు. తవ్వి తీసిన ఖనిజం తిరిగి మొలవదు. గని తెరచిన నాటి నుండే దాని ఆయుస్సు తరుగుతూ ఉంటుంది. ఇందుకు కోలారు బంగారు గనుల పట్టణమే నిదర్శనం.

ఈ పట్టణం కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దుకు చేరువలో ఉన్నది. ఇక్కడి రాళ్ళు సుమారు 270 కోట్ల సంవత్సరాల నాటివి. పూర్వం భూగర్భం నుండి వేడినీరు రాతి పగుళ్ళ గుండా పైకి వచ్చి, తనలో కరిగి ఉన్న పదార్థాలను ఆ పగుళ్ళలో విడిచిపెట్టినది. అందుచేత తెల్లని పలుగురాతి పొరలలో బంగారం సన్నని రేణువులుగా నిలిచినది. ఆ పొరలు ఏటవాలుగా ఎంతో లోతుకు దిగుతాయి.

1802లో వారెన్ అనే సైనికాధికారి ఇక్కడి గ్రామస్థులు బంగారం తీసే పద్ధతిని చూచి నమోదు చేసినాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ రంగంలోకి దిగిన తరువాత ఆ ప్రాంతపు రూపే మారినది. 1891లో 7,085 మంది ఉన్న ఊరు 1901 నాటికి 38,204 మంది గల పట్టణమైనది. తమిళ జిల్లాల నుండి, చిత్తూరు ప్రాంతపు తెలుగు పల్లెల నుండి కూలీలు వచ్చి స్థిరపడినారు. 1902లో కావేరీ నదిపై శివసముద్రం జలపాతం వద్ద తయారైన విద్యుత్తు, 140 కిలోమీటర్లకు పైగా తీగల మీద ప్రయాణించి ఈ గనులకు చేరినది. అప్పటికి మన దేశంలో పెద్ద నగరాలకు సైతం ఆ సౌకర్యం అరుదు.

మరి పతనానికి కారణమేమి? ముఖ్యంగా లోతు. గని చివరకు 3.2 కిలోమీటర్ల లోతుకు చేరినది. అక్కడ కిలోమీటరు దిగినకొద్దీ సుమారు 12 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. అడుగున రాతి ఉష్ణోగ్రత 65 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉండేది. గాలిని యంత్రాలతో చల్లబరచి పంపితే గాని మనిషి పని చేయలేడు. పైగా, తవ్వి తీసిన రాయి మోసే బరువంతా మిగిలిన రాతి మీద పడుతుంది. ఆ ఒత్తిడికి తాళలేక రాయి ఒక్కసారిగా పగిలి ఎగసిపడేది. ఈ రాతి ప్రేలుళ్ళలో అనేకమంది కార్మికులు ప్రాణాలు కోల్పోయినారు.

విద్యార్థులు ఒక చిన్న లెక్క కట్టి చూడవచ్చు. సుమారు 120 సంవత్సరాలలో ఇక్కడ 5.1 కోట్ల టన్నుల ముడిరాయి తీయగా, 800 టన్నుల బంగారం లభించినది. అంటే సగటున టన్నుకు 16 గ్రాములు. చివరి రోజులలో అది నాలుగైదు గ్రాములకు పడిపోయినది. అదే బంగారానికి మూడు నాలుగు రెట్ల రాయి, అదీ మూడు కిలోమీటర్ల అడుగు నుండి, పైకి చేర్చవలసి వచ్చినది. ఖర్చు రాబడిని మించినది. 1956లో మైసూరు ప్రభుత్వం, ఆ తరువాత కేంద్ర ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకొన్నవి. అయినా నష్టం ఆగలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. పంపులు ఆగిపోగా సొరంగాలలో నీరు నిండినది.

ప్రాణాలు తీసిన ఆ లోతే విజ్ఞానానికి ఉపకరించినది. 2.3 కిలోమీటర్ల రాయి ఇతర విశ్వకిరణ కణాలను చాలవరకు అడ్డుకొనగా, 1965లో భారత, జపాను, బ్రిటను శాస్త్రజ్ఞులు అక్కడ వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను కనుగొన్నారు.

నేడు పట్టణం చుట్టూ బూడిదరంగు గుట్టలు నిలిచి ఉన్నవి. రాతిని పిండి చేసి, సైనైడు ద్రావణంతో బంగారాన్ని కరిగించి తీయగా మిగిలిన వ్యర్థం అది. మూడు కోట్ల టన్నులకు పైబడినదని అంచనా. ఎండకు సైనైడు చాలవరకు విరిగిపోయినా, ఆ దుమ్ము గాలికి లేచి ఇళ్ళ మీద పడుతుంది. వానకు కొట్టుకొని వచ్చి నీటిలో కలుస్తుంది. పని కోసం ఎందరో తెల్లవారకముందే రైలెక్కి వంద కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరుకు వెళుతున్నారు.

సింగరేణి బొగ్గుకు, మంగంపేట బెరైటీసుకు కూడా ఈ నియమమే వర్తిస్తుంది. గని మూసిన నాడు అక్కడి జనానికి బ్రతుకుతెరువేమి, మిగిలిన గుట్టల బాధ్యత ఎవరిది అనే ప్రశ్నలకు సమాధానం గని తెరచేటప్పుడే సిద్ధం చేసుకోవలసి ఉన్నది. కోలారులో ఆ పని జరగలేదు.