ముఖగాయములును కంటిచూపును

కంటిలో నలుసు పడినంతనే చేతిపని విడిచిపెట్టుదుము. కాని నుదుటిమీదనో కణతమీదనో దెబ్బ తగిలి, కన్ను పైకి బాగుగనే కనబడిన యెడల, ఏమియు లేదని యూరకుందుము. ఈ యుపేక్షవలన చూపు పోవుట కలదు. కావున బాలబాలికలును, వారి తల్లిదండ్రులును తెలిసికొనదగిన సంగతులు కొన్ని యిచట వ్రాయుచున్నాను.

కనుగ్రుడ్డు సుమారు 24 మిల్లీమీటర్ల అడ్డుకొలత గలది. అది యెముకల గూటిలో నమర్పబడియున్నది. బొమయెముకయు, చెక్కిటియెముకయు ముందుకు వచ్చి పెద్ద బంతి దెబ్బనుండి దానిని చాలవరకు కాపాడును. బిళ్ళంగోడు బిళ్ళను, బాణపు పుల్లను, టపాకాయ తునుకను మాత్రము ఆ గూడు ఆపజాలదు. గట్టిదెబ్బ తగిలినప్పుడు కంటిలోపల రక్తము చేరవచ్చును. కటకము చెడి శుక్లము పుట్టవచ్చును. వెనుకనున్న నేత్రపటలము చినిగి యూడవచ్చును. గూటి యడుగుననున్న యెముక మిక్కిలి పలుచన; అది విరిగిన కన్ను లోనికి క్రుంగి, ఒక వస్తువు రెండుగా కనబడవచ్చును. చూపును మెదడునకు గొనిపోవు నాడి యిఱుకైన యెముకరంధ్రముగుండ పోవును. బొమమీది దెబ్బ యదురు ఆ నాడికి సోకిన యెడల, కన్ను చెక్కుచెదరకున్నను చూపు నశింపవచ్చును.

ఒక కంటి గాయము రెండవ కంటికిని ముప్పు తేగలదు. ఫ్రాన్సు దేశమున కూప్‌వ్రే గ్రామములో జీనులు కుట్టువాని కుమారుడగు లూయీ బ్రెయిల్ 1812లో, మూడేండ్ల ప్రాయమున, తండ్రి పనిముట్లతో నాడుకొనుచుండగా ఆరె కంటిలో గ్రుచ్చుకొనెను. పిదప వ్యాధి రెండవ కంటికిని ప్రాకి, బాలుడు అయిదేండ్ల వయస్సునకే అంధుడయ్యెను. అంధులు నేటికిని వ్రేళ్ళతో చదువుకొను చుక్కల లిపిని 1824లో కల్పించినవాడు ఇతడే. అనంతరకాలమున హైదరాబాదు జట్టున ఆడిన మన్సూర్ అలీఖాన్ పటౌడీ 1961 జూలైలో ఇంగ్లండునందలి హోవ్ పట్టణమున కారు ప్రమాదములో గాజుముక్క గ్రుచ్చుకొని కుడికంటి చూపును చాలవరకు కోల్పోయెను. ఒంటికంటితో దూరము నంచనా వేయుట కష్టము. అయినను పట్టుదలతో నభ్యసించి, 1962లో 21 ఏండ్లకే భారత క్రికెట్టు జట్టునకు నాయకుడయ్యెను. వీరి ధైర్యము మెచ్చదగినదే. మన బిడ్డలకు అట్టి పరీక్ష రాకుండ చూచుట మన విధి.

సున్నము కంట బడిన తోడనే, ఆసుపత్రికి బయలుదేరుటకు ముందే, పావుగంటకు తక్కువ గాకుండ మంచినీళ్ళు ధారగా పోసి కడుగవలెను. ఏదైన గ్రుచ్చుకొనిన మాత్రము దానిని పెరుకరాదు, నీళ్ళు పోయరాదు, కన్ను నలుపరాదు, అదిమి కట్టరాదు. కంటికి తగులకుండ చిన్న గిన్నెవంటిదానితో కప్పి వైద్యునియొద్దకు గొనిపోవలెను. కోతలకాలమున వరియాకు గీచుకొని నల్లగ్రుడ్డుమీద పుండు పడుట మన ప్రాంతపు రైతులకు తెలియనిది కాదు. అందు చనుబాలుగాని, ఆకుపసరుగాని పోయుట మిక్కిలి హానికరము.

వీనియన్నిటికంటె పెద్ద శత్రువు భయము. కొన్నియేండ్ల క్రిందట నా తరగతి బాలుడొకడు ఆటలో దెబ్బ తగిలి, ఇంట తిట్లకును బడిలో శిక్షకును వెఱచి, దినములకొలది దాచెను. ఒక కన్ను మూసికొని నల్లబల్లమీది యక్షరములు చదువుమనినప్పుడుగాని సంగతి బయలుపడలేదు. అప్పటికి ఆలస్యమైపోయెను. ఆనాడు బెత్తము నా చేతిలోనే యుండెను. అది నేను మఱవజాలను.

బాలలారా, దెబ్బ తగిలిన వెంటనే చెప్పుడు. ఒక్కొక్క కన్ను మూసి రెండవదానితో చూచుకొనుడు. తల్లిదండ్రులారా, మొదట వైద్యుని పిలువుడు. తప్పెవరిదో పిమ్మట విచారింపవచ్చును.