పుంజు కలిసినా పిల్ల కాదేం? గంపకెక్కక ముందే గుడ్డుకు గండం

జగ్గయ్యపేట, నందిగామ: పెట్ట కింద 12 గుడ్లు పెడితే నాలుగు పిల్లలు లేచాయి. మిగతా ఎనిమిదీ మురిగాయి. వేసవి వచ్చిందంటే మెట్ట పల్లెల్లో తరచు వినిపించే మాట ఇది. పుంజు ముసలిదైందని ఒకరు, పెట్ట కుదురుగా కూర్చోలేదని మరొకరు, ఉరుములకు పోయాయని ఇంకొకరు చెబుతారు. మురిగిన గుడ్లు పెంటకుప్ప మీద పడతాయి. అసలు కారణం గూడ వాటితోపాటే పోతుంది.

నష్టం మాత్రం ఇంటి ఆడవారిది. అమ్ముకుంటే చేతికి వచ్చే గుడ్ల డబ్బు పోయింది. పెట్ట మూడు వారాలు గుడ్డు పెట్టకుండా కూర్చున్న కాలమూ వృథా అయింది. నాటుకోడికి ఏడాదిలో పొదుగు వచ్చేది కొన్ని సార్లే. అందులో ఒకటి దండగపోతే, పిల్లల ఫీజులకో పండుగకో అనుకున్న కోళ్ళు లేనట్టే.

వట్టి గుడ్డా? చచ్చిన గుడ్డా?

ముందు తేల్చుకోవలసింది ఇదే. పొదగేసిన ఏడో రోజు రాత్రి చీకటి గదిలో గుడ్డు లావు కొనకు టార్చిలైటు ఆనించి చూస్తే తెలిసిపోతుంది. లోపల సాలెగూడులా ఎర్రని నరాలు పాకి, మధ్య నల్లని చుక్క కదులుతుంటే పిల్ల పెరుగుతున్నది. అంతా తేటగా పసుపుపచ్చగా కనిపిస్తే అది చాలావరకు పుంజు కలవని వట్టి గుడ్డు. ఎర్రని దారం చుట్టినట్టు ఒక రింగు మాత్రం కనిపిస్తే పిండం మొదలై, మొదటి నాలుగు రోజుల్లోనే చచ్చిందన్నమాట. ఆ రింగు కనిపించిన ఇంట్లో పుంజును నిందించి లాభం లేదు. అది తన పని చేసింది. ఒకసారి కలిస్తే ఆ తర్వాత పది, పద్నాలుగు రోజుల పాటు పెట్ట పెట్టే గుడ్లకు ఢోకా ఉండదు.

మరి పిండం ఎందుకు చచ్చింది?

గుడ్డు పెట్టాక, పెట్ట కింద పెట్టిన రోజున ప్రాణం మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. గుడ్డు బయటికి రాక ముందు కోడి కడుపులోనే సుమారు ఒక రోజు గడుపుతుంది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దరిదాపు. ఆ వేడికి పిండం అప్పటికే వేలకొద్దీ కణాలుగా పెరిగి ఉంటుంది. బయటికి వచ్చి చల్లబడగానే అది నిద్రపోతుంది. 20 డిగ్రీలకు కాస్త దిగువన ఆ నిద్ర గాఢంగా ఉంటుంది. వేడి 27 డిగ్రీలు దాటిందా, సగం మెలకువ వస్తుంది. పెరగబోతుంది. కాని పూర్తిగా పెరగడానికి కావలసిన 37, 38 డిగ్రీల నిలకడ వేడి అందదు.

కృష్ణా, మునేరు, పాలేరు పక్కనే ఉన్నా ఈ మెట్టకు ఎండ తప్పదు. మే నెలలో జగ్గయ్యపేట, నందిగామల్లో 45 డిగ్రీల దరిదాపు ఎండ కొత్త కాదు. రేకుల కప్పు కింద, ఉట్టి మీద గంపలో పదిహేను రోజులుగా పోగుచేసిన గుడ్ల సంగతి ఇక చెప్పేదేముంది! పగలు మేల్కొని, తెల్లవారుజామున ముడుచుకొని, మళ్ళీ మేల్కొని పిండం నీరసిస్తుంది. తీరా పెట్ట కింద చేరాక, గుండె కొట్టుకోవడం మొదలయ్యే రెండో రోజునో, నరాలు అల్లుకునే మూడో రోజునో ఆగిపోతుంది. గంపకెక్కే నాటికే దాని పని సగం అయిపోయిందన్నమాట.

ఉరుముల మాట గూడ ఇక్కడే చెప్పాలి. పొదుగు గంపలో ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ వేసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వేసినందువల్ల నష్టం లేదు. కాని ఉరుములు వచ్చేది ఎండలు ముదిరిన రోజుల్లోనే గనుక, ఎండ చేసిన పాపం ఉరుము నెత్తిన పడుతోంది.

గుడ్డు వయసు పెరిగినకొద్దీ గూడ పిండం బలహీనపడుతుంది. చల్లని చోట వారం వరకు ఫరవాలేదు. వేసవిలో మూడు, నాలుగు రోజుల గుడ్లే పొదగేయడం మేలు. ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుందనుకోవద్దు. ఆ చలి పిండానికి మరీ ఎక్కువ. కావలసింది 15 నుంచి 18 డిగ్రీలు. అంత చల్లదనం పల్లె ఇంట్లో దొరకదు గాని, వెడల్పు కుండలో ఇసుక పోసి తడుపుతూ, దాని మీద మూకుడులో గుడ్లు సన్నకొన కిందికి ఉంచి, పైన పలుచని బట్ట కప్పితే గది కంటే కొంత చల్లగా ఉంటాయి. పెట్టిన గుడ్డును పొద్దుటా, మధ్యాహ్నం, సాయంత్రం తీసెయ్యాలి. గుడ్డు మీద బొగ్గుతో తేదీ వేసుకుంటే తికమక ఉండదు. పొదుగు పెట్ట దగ్గరికి వేరే పెట్టలను రానివ్వకూడదు. అవి వచ్చి కొత్త గుడ్డు పెట్టిపోతే, మిగతావి పిల్లలై లేచిన రోజున అది సగంలోనే ఆగుతుంది.

మేపు సంగతి మరొకటి. పందెం పుంజుకు బాదం పప్పు పెట్టే ఇంట్లోనే పెట్టకు ఎంగిలి మెతుకులు. పిండానికి మొదటి రోజుల తిండి పచ్చసొనలోదే. తల్లికి విటమిన్ ఎ, ఇ వంటివి అందకపోతే నరాలు అల్లుకునే దశలోనే పిండం పోతుంది. తోటకూర, మునగాకు, తవుడు ఖర్చు పెద్దది కాదు. ఒకే పుంజును ఏళ్ళ తరబడి ఉంచి, దాని కూతుళ్ళకే కలిపినా చచ్చే పిండాలు పెరుగుతాయి. పొరుగూరితో పుంజును మార్చుకుంటే అది తీరుతుంది.

ఊరు మారి వచ్చిన గుడ్లను ఆటో దించిన వెంటనే పెట్ట కింద తోయకూడదు. ఒక పూట కదపకుండా ఉంచాలి. పెంట అంటిన గుడ్డును చన్నీళ్ళతో కడగరాదు. పెంకుకు వేలాది సన్నని రంధ్రాలుంటాయి, మురికి నీరు లోపలికి పోతుంది.

థర్మాకోలు పెట్టెలో బల్బు పెట్టి పొదిగించే కుర్రవాళ్ళు కరెంటు కోతకు భయపడుతున్నారు. పెట్ట మేతకు లేచి పోయినప్పుడు గుడ్లు కాసేపు చల్లబడినా ఏమీ కాదు కదా! గంట కోతకు పిల్ల చావదు. 40 డిగ్రీలు దాటిన వేడికి చస్తుంది. బల్బు ఆర్పడం మరచిన మధ్యాహ్నమే ఆ పెట్టెకు అసలు గండం. థర్మామీటరు పెట్టె మూలన కాక, గుడ్ల ఎత్తులో ఉంచి చూసుకోవాలి.