రాతిలోని లోహము: పరీక్షకు ముందటి పని



మన కోనసీమ గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టితో నేర్పడినది. అమలాపురమునగాని, రాజోలునగాని, కొత్తపేటనగాని నూయి త్రవ్వినచో మట్టియు నిసుకయు వెడలునే కాని రాయి తగులదు. అయినను రాతిలో లోహమెంత గలదో తెలిసికొను విధము మనకు నక్కఱలేనిది కాదు. మెఱయు ముక్కయొకటి చేతబట్టి, పరీక్షాలయపు కాగితమును జూపి, ఎచ్చటనో కొండను కౌలునకు తీసికొందము, సొమ్ము పెట్టుడని యడుగువారు ఏ యూరికైనను రావచ్చును. కాగితములోని యంకె నిజమే కావచ్చును. అది యా ముక్కను గూర్చిన నిజమా, కొండను గూర్చిన నిజమా యనునదే విచారింపదగినది.

స్థాలీపులాకన్యాయమును మీరెఱుగుదురు. ఒక మెతుకును పట్టిచూచినచో కుండలోని యన్నమంతయు నుడికినదో లేదో తెలియును. మెతుకులన్నియు నొకే నీట, నొకే వేడిని నుడుకుటచేత నీ న్యాయము చెల్లుచున్నది. కొండ యట్టిది కాదు. పల్నాటిలో బండ్లమోటు వద్ద డోలమైటు రాతినడుమ గెలీనా యను సీసపుఖనిజము వెండివలె మెఱయుచుండును. శుద్ధమైన గెలీనాలో నూటికి 86 పాళ్లకు మించి సీసమే. చుట్టునున్న వట్టి రాతిలో నించుమించు శూన్యము. మెఱయు ముక్కలనే యేఱి పంపినచో కొండంతయు సీసమేయని కాగితము పలుకును.

కావున మొదట గాలివానలకు మాఱిన పైపొరను తొలగింపవలెను. పిదప ఖనిజపు చాలునకు అడ్డముగా, ఈ యంచునుండి యా యంచువఱకు, ఒకే వెడల్పును ఒకే లోతును గల గాడి చెక్కవలెను. రాలిన ముక్కలన్నిటిని, మంచివి చెడ్డవి యనక, గుడ్డసంచిలో కట్టి, తీసిన చోటును చీటిపై వ్రాయవలెను. ఇట్లే పలుతావుల చేయవలెను.

పరీక్షాలయమున ముక్కలను 105 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని ఆఱబెట్టుదురు. తడి యున్నచో దాని బరువు కలిసి లోహపు పాలు తక్కువగా కనబడును. తరువాత నలుగగొట్టి, బాగుగా కలిపి, కుప్పపోసి, పైని అదిమి నాలుగు పాళ్లు చేయుదురు. ఎదురెదురు పాళ్లు రెండు గ్రహించి తక్కిన రెండును విడుతురు. 8 కిలోగ్రాముల రాతిని ఇట్లు ఐదుమాఱులు సగము చేసినచో 250 గ్రాములు మిగులును. ప్రతిమాఱును ముందుగా మఱింత మెత్తగా నలుగగొట్టవలెను. ముక్కలు పెద్దవై పాలు చిన్నదైనచో, ఒక్క మెఱపుముక్క అటో యిటో పడి లెక్కను తాఱుమాఱు చేయును. గెలీనా సులభముగా పొడియగునది. అడుగున చేరిన ధూళిని ఊడ్చి కలుపకున్న అసలు సీసమే పోవును.

కడపట మిల్లీమీటరులో వేయింట 75 వంతుల కన్నములుగల జల్లెడలో దిగునంత మెత్తగా నూఱుదురు. దిగని పలుకులను పాఱవేయరాదు. మరల నూఱి కలుపవలెను. ఇనుమును కొలువదలచినచో ఇనుపరోలు పనికిరాదు; రోటి యరుగుదల పొడిలో కలియును. అందులకు అగేటు అను గట్టిరాతి కల్వము కావలెను. ఒక రాతిని నూఱిన పిదప రోటిని శుభ్రపఱచియే వేఱొకదానిని నూఱవలెను.

ఇంత జరిగిన పిమ్మటనే చిటికెడు పొడిని తూచి, ఆమ్లములలో కరగించి లోహమును లెక్కింతురు. అప్పుడు స్థాలీపులాకన్యాయము రాతికిని చెల్లును.

కావున గ్రామపెద్దలారా! కాగితము చూపినవారిని నాలుగు ప్రశ్నలడుగుడు: ముక్కలను తీసినవారెవరు? ఎన్ని తావుల తీసిరి? అడ్డముగా చెక్కిరా, ఏఱి తెచ్చిరా? మరల పరీక్షించుటకు మిగిలిన పొడిని దాచిరా? సరియైన బదులు రానిచో, అంకె యెంత పెద్దదైనను సొమ్ము పెట్టెలోనే యుండనిండు.