నెత్తురు పడ్డదల్లా మొలలు కాదు

దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పడుతోందన్న మాట జనగామ జిల్లా నర్మెట్ట లాంటి ఊళ్లలో ఇంట్లోవాళ్లకే చెప్పరు. చెప్పినా వచ్చే జవాబు ఒకటే: "వేడి చేసింది, మొలలై ఉంటాయి." ఎక్కువసార్లు అది నిజమే. అందుకే మిగిలిన కొద్దిమంది ఏమరుపాటులో పడుతున్నారు. మలద్వారంలో పుట్టే మెలనోమా అనే అరుదైన క్యాన్సర్ రోగులు ఆ కొద్దిమందిలో ఉంటారు.

అపోహ: గడ్డ చేతికి తగులుతోంది, నల్లగా ఉంది కాబట్టి మొలే.

వాస్తవం: నెత్తురు గడ్డకట్టిన మొల నల్లగా, నీలంగా ఉంటుంది. మెలనోమా గడ్డ కూడా అలాగే ఉండొచ్చు. చూపుకు రెండూ ఒకటే. కాకపోతే గడ్డకట్టిన మొల నొప్పి కొద్దిరోజుల్లో తగ్గి, కొన్ని వారాల్లో కరిగిపోతుంది. మెలనోమా కరగదు, పెరుగుతుంది. ఇంకో చిక్కుంది: కొన్ని మెలనోమాలకు నలుపే ఉండదు, మామూలు కండలా ఎర్రగా కనిపిస్తాయి. అనుభవమున్న సర్జన్ కూడా పొరబడతాడు. అందుకే అసలు సంగతి చాలాసార్లు మొలల ఆపరేషన్ అయ్యాక, కోసిన ముక్కను పరీక్షిస్తే బయటపడుతుంది. మరి ఆ ముక్కను చెత్తబుట్టలో వేస్తే? మీవాళ్లకు మొలల ఆపరేషన్ అయితే "ముక్కను ఫార్మలిన్‌లో పెట్టి ల్యాబుకు పంపారా?" అని అడగండి. మొహమాటపడాల్సిన ప్రశ్న కాదు.

అపోహ: మెలనోమా ఎండకు వచ్చే తెల్లవాళ్ల జబ్బు.

వాస్తవం: ఒంటికి రంగునిచ్చే కణాలు చర్మంలోనే కాదు, మలద్వారం లోపలి పొరలోనూ ఉంటాయి. అక్కడికి ఎండ పోదు. ఈ జబ్బును 1857లోనే వైద్యులు నమోదు చేశారు. కారం తిన్నందుకో, చెడు తిరుగుళ్లకో వస్తుందన్నది వట్టి మాట. ఎక్కువగా అరవై దాటినవాళ్లలో కనిపిస్తుంది.

అపోహ: ముక్క తీస్తే, గెలికితే క్యాన్సర్ పాకుతుంది.

వాస్తవం: అలా పాకదు. ఈ భయం మన దగ్గర చేసినంత నష్టం జబ్బు కూడా చేయదేమో! ముక్క పరీక్ష లేకుండా నిర్ధారణే లేదు. మైక్రోస్కోపు కింద అనుమానం వస్తే ఎస్-100, హెచ్‌ఎంబీ-45, మెలాన్-ఎ అనే ప్రత్యేక పరీక్షలు చేస్తారు. రంగు లేని మెలనోమా కూడా అక్కడ దొరికిపోతుంది. తర్వాత స్కానింగులు, ఎంతవరకు పాకిందో చూడటానికి.

అపోహ: ఈ క్యాన్సరంటే మలద్వారం తీసేసి పొట్టకు సంచి కట్టడమే.

వాస్తవం: గడ్డ చిన్నగా ఉంటే దాన్నీ చుట్టూ కాస్త కండనూ తీస్తే సరిపోవచ్చు. పెద్ద ఆపరేషన్ వల్ల ఎక్కువకాలం బతుకుతారని రుజువు కాలేదు. ఇది మొండి జబ్బే, దాచేదేం లేదు. అయినా ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులు కొందరికి పనిచేస్తున్నాయి. ఆలస్యమైతే ఏ దారైనా ఇరుకవుతుంది.

మొదటి పరీక్షకు పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. డాక్టరు గ్లౌజు తొడుక్కుని వేలితో చూడటం ఒక్క నిమిషం పని. చూడకుండానే మొలల మందు రాసిచ్చేవారి దగ్గర ఆగిపోవద్దు. జనగామ జిల్లా ఆసుపత్రికో, వరంగల్ ఎంజీఎంకో వెళ్లండి. క్యాన్సరని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే ఆసుపత్రి ఉంది. పోయేటప్పుడు రిపోర్టుతో పాటు ల్యాబు నుంచి ఆ ముక్క స్లైడ్లు, దాన్ని దాచిన మైనపు దిమ్మెలు కూడా అడిగి తీసుకెళ్లండి.