ఇంటి మరమ్మతు కన్నా ముందు...
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో రిటైరైన సోదరులు కొందరు తాతలనాటి పెంకుటిళ్లను బాగు చేయించుకుంటున్నారు. ఫజర్ నమాజు కాగానే మేస్త్రీ కోసం ఎదురుచూపు, పగలంతా పెంకులు, దూలాల లెక్క, సాయంత్రం కూలి చెల్లింపు.

మట్టిగోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి గోడ గుల్లబారుతుంది. సున్నమైతే చెమ్మను బయటికి వదులుతుంది. తండ్రి వదిలిన ఇంట్లో ఆడపడుచుకు ఇవ్వని వాటా కూడా అలాంటి చెమ్మే.

దివ్య ఖుర్ఆన్ (4:11) కొడుకు వాటాలో సగం కూతురికి నిర్ణయించింది. ఇంటి విషయంలో 1937 నాటి షరీఅత్ చట్టమూ ఆ హక్కును గుర్తిస్తుంది. "చెల్లెలు అడగలేదు కదా" అనుకోవడం న్యాయం కాదు. పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో ఆమె నోరు విప్పదు.

సోదరులారా! మేస్త్రీని పిలిచే ముందు ఆమెను పిలవండి. వాటా ఇవ్వండి, లేదా వెలకట్టి చెల్లించండి.