క్రోమ్‌బుక్: తనను తానే నమ్మని లాప్‌టాప్

క్రోమ్‌బుక్ చూడటానికి మామూలు లాప్‌టాపే. మూత, కీబోర్డు, టచ్‌ప్యాడ్ అన్నీ ఉంటాయి. దుకాణంలో పక్కనున్న వాటి నుంచి దీన్ని వేరుచేసి గుర్తుపట్టడం కష్టం. తేడా అంతా లోపలి క్రోమ్ ఓఎస్‌లో ఉంది. లినక్స్ కెర్నెల్ మీద క్రోమ్ బ్రౌజర్‌ను నిలబెట్టి, ఫైళ్లు దాచడం దగ్గర్నుంచి చాలా పనులను ఇంటర్నెట్‌కు అప్పగించిన వ్యవస్థ అది.

ఈ ఆలోచన గూగుల్‌ది కాదు. 1990ల మధ్యలోనే ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ హార్డ్‌డిస్కు అక్కర్లేని చవక ‘నెట్‌వర్క్ కంప్యూటర్’ గురించి ఊరూవాడా చాటాడు. ఇళ్లలో డయలప్ మోడెములు కీచుమంటున్న రోజులవి; అది నిలవలేదు. 2007లో ఆసుస్ సంస్థ 7 అంగుళాల తెర, 4 జీబీ నిల్వ, లినక్స్‌తో ‘ఈ పీసీ’ తెచ్చి నెట్‌బుక్‌ల తరానికి తెరతీసింది. మైక్రోసాఫ్ట్ వెంటనే విండోస్ ఎక్స్‌పీని వాటికోసం చవగ్గా ఇచ్చి ఆ మార్కెట్‌ను లాగేసుకుంది. బక్కచిక్కిన ప్రాసెసర్ మీద విండోస్ బరువు పడి, నెట్‌బుక్ అంటే నత్తనడక అనే పేరు మిగిలింది. గూగుల్ 2009 జూలైలో క్రోమ్ ఓఎస్‌ను ప్రకటించి, 2010 డిసెంబరులో సీఆర్-48 అనే నమూనా లాప్‌టాప్‌లను పరీక్షకు పంచింది. నల్లటి ఒళ్లు, ఎక్కడా లోగో లేదు, క్యాప్స్‌లాక్ ఉండాల్సిన చోట సెర్చ్ మీట. 2011 జూన్‌లో శాంసంగ్, ఏసర్ తయారుచేసిన క్రోమ్‌బుక్‌లు అమ్మకానికి వచ్చాయి.

బ్రౌజర్ తప్ప ఏమీ లేని యంత్రమెందుకని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. ఆ లేమిలోనే అసలు తెలివి దాగుంది. విండోస్ కంప్యూటర్లో ఒక్కొక్కరి సి డ్రైవ్ ఒక్కోలా ఉంటుంది: ఎవరికి నచ్చిన ప్రోగ్రాములు వాళ్లు ఎక్కించుకుంటారు, అవి సిస్టమ్ ఫోల్డర్లలో తమ ఫైళ్లు చొప్పిస్తాయి. ఏది సొంతదో ఏది వైరస్సో తేల్చాలంటే యాంటీవైరస్ అనుమానాల మీద ఆధారపడాలి. క్రోమ్‌బుక్‌లో వాడేవారి సమాచారం వేరే భాగంలో, ఎన్‌క్రిప్షన్ తాళం కింద ఉంటుంది. సిస్టమ్ భాగంలో ఎవరూ ఏమీ రాయరు. కాబట్టి ఒకే మోడల్ యంత్రాలు లక్ష ఉన్నా, ఒకే వెర్షన్ నడుస్తుంటే వాటి సిస్టమ్ భాగం బిట్టు తేడా లేకుండా ఒకటే. అలాంటిదాని వేలిముద్రను ముందే తీసిపెట్టుకుని, ఆన్ చేసినప్పుడల్లా దానితో సరిచూసుకోవచ్చు.

పవర్ మీట నొక్కగానే ఆ తనిఖీ మొదలవుతుంది. మొదట నడిచేది ఫర్మ్‌వేర్‌లో మార్చడానికి వీల్లేని భాగం. పాత మోడళ్లలో చాలావాటికి ఆ రక్షణ మదర్‌బోర్డు మీది ఒక చిన్న మరలో ఉండేది. వెనక మూత తెరిచి మర విప్పితేనే అందులో రాయడం సాధ్యం. ఈ భాగం తన దగ్గరున్న తాళంచెవితో ఫర్మ్‌వేర్‌లోని మిగతా భాగపు డిజిటల్ సంతకాన్ని సరిచూస్తుంది. అది కెర్నెల్ సంతకాన్ని చూస్తుంది. కెర్నెల్ వంతు వచ్చేసరికి చిక్కొకటి ఎదురవుతుంది. సిస్టమ్ భాగం గిగాబైట్లలో ఉంటుంది. మొత్తం చదివి సరిచూసుకుంటూ కూర్చుంటే కొన్ని సెకన్లలో తెరుచుకోవాల్సిన యంత్రం నిమిషాలు తీసుకుంటుంది.

దీనికి విరుగుడు రాల్ఫ్ మెర్కిల్ 1979లో ప్రతిపాదించిన హాష్ వృక్షం. హాష్ అంటే ఎంతటి సమాచారం నుంచైనా లెక్కకట్టి తీసే చిన్న సంఖ్య. ఒక్క బిట్టు మారినా అది గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. సిస్టమ్ భాగం 2 జీబీ అనుకుంటే, దాన్ని 4 కేబీ ముక్కలు చేస్తే 5,24,288 ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కకు 32 బైట్ల హాష్. ఒక 4 కేబీ ముక్కలో అలాంటివి 128 పడతాయి గనుక ఈ హాష్‌లన్నీ 4,096 ముక్కల్లో సర్దుకుంటాయి. వాటికి మళ్లీ హాష్‌లు తీస్తే 32 ముక్కలు, ఆపైన ఒకే ఒక్క ముక్క. దాని హాష్ కెర్నెల్‌తోపాటే సంతకం కింద ఉంటుంది. ఇక మొత్తం చదవనక్కర్లేదు. ఏ ముక్క అవసరమైతే దాన్ని చదివేటప్పుడే, అక్కడి నుంచి శిఖరం దాకా ఉన్న నాలుగు హాష్‌లు సరిపోతే చాలు. ఐదు లక్షల పైచిలుకు ముక్కలకు ఒక్క సంఖ్య కాపలా! ‘డీఎం-వెరిటీ’ అనే ఈ ఏర్పాటు తర్వాత లినక్స్ కెర్నెల్‌లోనూ, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ చేరింది.

తేడా దొరికితే యంత్రం ఆగిపోనక్కర్లేదు. సిస్టమ్‌కు ఎ, బి అని రెండు ప్రతులుంటాయి. ఎ నడుస్తుండగా కొత్త అప్‌డేట్ చడీచప్పుడు లేకుండా బి లోకి చేరుతుంది. రీస్టార్ట్ చేస్తే బి లేస్తుంది. అది సరిగా లేవకపోతే పాత ఎ సిద్ధంగానే ఉంటుంది. రెండూ చెడితే రికవరీ పెన్‌డ్రైవ్ ఉంది. యజమాని కావాలనుకుంటే డెవలపర్ మోడ్‌లోకి వెళ్లి ఈ తనిఖీని మానిపించవచ్చు. అప్పుడు లోపలి సమాచారమంతా చెరిగిపోతుంది, ఆన్ చేసినప్పుడల్లా హెచ్చరిక తెర పలకరిస్తుంది. ఇంత నిజాయితీ గల హెచ్చరిక కంప్యూటర్లలో అరుదు.

మిగతా కథ త్వరగానే సాగింది. 2012లో శాంసంగ్ ధరను 249 డాలర్లకు దించాక అమెరికా బడులు వీటిని పెద్దయెత్తున కొన్నాయి. 2016లో ఆండ్రాయిడ్ యాప్‌లు, 2018లో లినక్స్ ప్రోగ్రాములు వచ్చి చేరాయి. భారత్‌లో 2015లో జోలో, నెక్సియన్ పేర్లతో రూ.12,999కే దొరికాయి, 2023లో చెన్నై దగ్గర హెచ్‌పీ వీటి తయారీ మొదలుపెట్టింది.

కొనేటప్పుడు చూడాల్సిన మొదటి సంగతి కూడా ఆ సంతకాల గొలుసు నుంచే వస్తుంది. సంతకం చేసిన అప్‌డేట్లు వస్తున్నంత కాలమే దానికి బలం. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. ఆ లెక్క మొదలయ్యేది బిల్లు మీది తేదీ నుంచి కాదు, ఆ మోడల్ తరం మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి. పాత మోడల్ చవగ్గా దొరికితే ముందు సెట్టింగ్స్‌లో అప్‌డేట్ల గడువు చూడాలి. తర్వాత ర్యామ్: చాలా మోడళ్లలో బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేం. 4 జీబీతో పది ట్యాబులు తెరిస్తే నీరసిస్తుంది, 8 జీబీ మేలు. రెండు సిస్టమ్ ప్రతులకు చోటు పోతుంది గనుక 16 జీబీ నిల్వ ఇరుకే. 2023 చివర్లో వచ్చిన క్రోమ్‌బుక్ ప్లస్ తరగతికి 8 జీబీ ర్యామ్, 128 జీబీ నిల్వ, ఫుల్ హెచ్‌డీ తెర కనీస అర్హతలు. ధర కూడా ఆ మేరకే. చదువుకు, మెయిల్‌కు, వీడియో పాఠాలకు ఇంతకన్నా అక్కర్లేదు. డెస్క్‌టాప్ ట్యాలీలో లెక్కలు రాసే దుకాణానికి, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పుస్తకాలు కట్టే డీటీపీ సెంటర్‌కు మాత్రం విండోస్ యంత్రమే కావాలి.