ఆరుతడి సేద్యం

పంటకు వాటిల్లే కీడులను మన పూర్వులు ఈతిబాధలన్నారు. అతివృష్టి, అనావృష్టి, మిడతలు, ఎలుకలు, చిలుకలు, దండెత్తివచ్చే పొరుగు రాజులు అని వాటిని ఆరుగా లెక్కించారు. వీటిలో మొదటి రెండూ నేటికీ రైతును వీడలేదు. భూగోళం వేడెక్కుతున్న కొద్దీ వాటి తీవ్రత హెచ్చుతున్నది. కురిస్తే కుండపోత, లేకుంటే వారాల తరబడి ఎండ అన్న స్థితి తరచుగా ఎదురవుతున్నది. ఈ మార్పువల్ల మిక్కిలి నష్టపోయేది వ్యవసాయమే. అయితే ఈ మార్పుకు కొంత కారణమవుతున్నదీ వ్యవసాయమే.

నీరు నిండుగా నిలిచిన వరిమడిలో మట్టికి గాలి సోకదు. ప్రాణవాయువు అందని ఆ బురదలో కొన్ని సూక్ష్మజీవులు కుళ్ళిన మోళ్ళను, వేళ్ళను ఆధారం చేసుకొని మీథేన్ వాయువును పుట్టిస్తాయి. అందులో అధికభాగం వరి మొక్కలోని గాలి గదుల గుండానే పైకి వెలువడుతుంది. నూరేళ్ళ కాలానికి లెక్కిస్తే, అంతే బరువు గల బొగ్గుపులుసు వాయువు కంటె మీథేన్ సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. మోతాదు మించి చల్లిన యూరియా నుండి పుట్టే నైట్రస్ ఆక్సైడ్ ప్రభావమైతే సుమారు 270 రెట్లు.

అట్లని వరిసాగును మానుకోవలసిన పనిలేదు. వరి నీటిని ఓర్చుకొనే మొక్కయే కాని, నిరంతరం నీటిలో మునిగి ఉండవలసిన మొక్క కాదు. ఈ సూత్రం మీద ఆధారపడినదే ఆరుతడి పద్ధతి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీనిని విస్తృతంగా ప్రచారం చేసింది. రంధ్రాలు గల ఒక చిన్న గొట్టాన్ని మడిలో పాతుతారు. దానిలోని నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరినప్పుడు మళ్ళీ తడి ఇస్తారు. నాట్లు వేసిన తొలి రోజులలోను, పూతదశలోను మాత్రం పలుచగా నీరు నిలుపుతారు. ఇట్లా చేస్తే దిగుబడి తగ్గకుండానే 30 శాతం వరకు నీరు ఆదా అవుతుంది. మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుంది. మడగాస్కర్‌లో రూపొంది, 2003 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ రైతుల పొలాలకు చేరిన శ్రీ వరి సాగులోనూ ఈ ఆరుతడి ఒక ముఖ్యాంగం.

ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. నీరు తీసిన మడిలో కలుపు పెరుగుతుంది. ఎరువు ఎక్కువైతే నైట్రస్ ఆక్సైడ్ హెచ్చుతుంది. కనుక యూరియాను పైరు అవసరాన్ని బట్టి దఫదఫాలుగా వేయాలి. వీటికంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. కాలువ చివరి భూముల రైతుకు నీరు మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకే వచ్చినప్పుడే మడి నింపుకొంటాడు. అది అజ్ఞానం కాదు, భయం. వంతు ప్రకారం నీరు తప్పక అందుతుందన్న నమ్మకం కలిగిననాడే అతడు మడిని ఆరనిస్తాడు.

అనావృష్టికి ఆరుతడి ఉపాయమైతే, అతివృష్టికి తగిన విత్తనం ఉపాయం. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ వరి అనేక రాష్ట్రాలకు విస్తరించింది. కాని అది ముంపునకు తాళలేదు. ఒడిశాకు చెందిన ఒక నాటు వరిలోని ముంపును సహించే గుణాన్ని శాస్త్రజ్ఞులు దానికి సంక్రమింపజేశారు. అట్లా ఏర్పడిన స్వర్ణ-సబ్1 రకం 2009లో మన దేశంలో విడుదలైంది. సుమారు రెండు వారాలు నీట మునిగినా ఇది తిరిగి కోలుకొంటుంది.

రైతుకు తన పంట దక్కడం ముఖ్యం, లోకానికి గాలి వేడెక్కకపోవడం ముఖ్యం. ఈ రెండూ వేరువేరు ప్రయోజనాలుగా కనిపిస్తాయి. ఆరుతడి మడిలో అవి ఒక్కటవుతాయి. నీటిని పొదుపు చేసి కరవును ఎదుర్కొనే చేయియే మీథేన్‌నూ అరికడుతుంది. ఆ చేతికి వేళకు నీటిని, తగిన విత్తనాన్ని అందించడం ప్రభుత్వానికీ సమాజానికీ విధి.